బంగారు పూత వైరు

ఓబులేసుకు ఆ నెలంతా ఒకటే దిగులు. ఇంట్లో అందరూ బాగున్నారు, షాపు బాగా నడుస్తోంది, ఒంట్లో ఏ జబ్బూ లేదు. దిగులంతా ఒక వైరు గురించి. కంప్యూటరులో ఉన్న అక్షరాన్ని తెర మీదికి తీసుకుపోయే వైరు. ఏ రకం మంచిది, ఏది పెడితే అక్షరం ఇంకా బాగా కనపడుతుంది, ఇదే ఆలోచన. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. చానా రకాల మనుషుల్ని చూసినా గానీ, వైరు కోసం అన్నం మానుకున్నోణ్ణి మాత్రం ఓబులేసునే చూసినా.

పాత బస్టాండు పక్కన ఓబులేసుకు డీటీపీ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, ఫ్లెక్సీలు, అన్నీ ఆయన దగ్గరే. తెలుగు టైపు కొట్టడంలో మా ఊళ్ళో ఆయన్ను మించినోడు లేడు. ఎవరన్నా వచ్చి, "ఆదివారం మా పిల్లోడికి పుట్టువెంట్రుకలు తీపిస్తున్నాం, అందరూ అన్నానికి రండి అని కొట్టప్పా" అంటే, ఆయన వేళ్ళు వాటంతట అవే "మా చిరంజీవి కేశఖండన మహోత్సవ శుభసందర్భమున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి మా ఆతిథ్యమును స్వీకరింప ప్రార్థన" అని కొట్టేస్తాయి. తప్పని అనను. జనానికి కావాల్సింది కూడా అదే. కార్డు మీద ఉత్త "రండి" అని ఉంటే మా ఊళ్ళో సగం మంది అలిగి ఇంట్లోనే కూర్చుంటారు.

అంత పనిమంతుడు, మనిషి కూడా మంచోడు. తాత అంటే ప్రాణం పెడతాడు.

తాతంటే హుసేనయ్య తాత. గురువారం సాయంత్రమయితే మేమంతా ఆయన ఇంటి ముందర రేకుల చావడిలో చేరతాం. ఆయన దూదేకుల ఇంట్లో పుట్టినాడు. వయసులో ఉన్నప్పుడు దూది ఏకి, పరుపులు కుట్టి బతికినాడు. ఎక్కడో ఒక గురువు దొరికి తత్వాలు నేర్చుకున్నాడు. గుడికి పోయేవాళ్ళు వస్తారు, మసీదుకు పోయేవాళ్ళు వస్తారు, ఎక్కడికీ పోని నా బోటివాళ్ళూ వస్తారు. తాత ఒక తత్వం పాడతాడు, దాని మీద నాలుగు మాటలు చెప్తాడు, అంతే. ఆ మాటల్లో పెద్ద సంగతులేమీ ఉండవు. దోసె పెనానికి అంటుకోవడం, కొళాయి దగ్గర బిందెల కొట్లాట, ఇట్లాంటివే. మేము నవ్వుకుంటా ఇండ్లకు పోతాం. పండుకున్నాక తెలుస్తుంది ఆ మాట ఎక్కడ తగిలిందో.

ముందు వరసలో కుడిపక్క చివర తులసమ్మ టీచరు చాప. ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరయింది. ఒక్కతే ఉంటుంది. నేను ఆ చావడికి పోవడం మొదలుపెట్టక ముందు నుంచీ ఆ చాప అక్కడే ఉంది. తాత మాటకు అందరికంటే ముందు నవ్వేది ఆమే. ఆమె నవ్వితే ఓహో ఇది నవ్వే మాట అని మేము నవ్వేవాళ్ళం.

అట్లాంటి ఆమెకు చెవులు పోయినాయి. ఒక్కసారిగా కాదు, మెల్లగా తగ్గుతా తగ్గుతా ఆఖరికి పక్కన టపాసు పేలినా తెలియనంతగా పోయినాయి. మిషను పెట్టించుకునింది. దాంట్లో తాత మాట కంటే ఫ్యాను మోత ఎక్కువ వినపడుతోందని తీసి డబ్బాలో పెట్టేసింది. కొన్నాళ్ళు నేను పక్కన కూర్చొని తాత చెప్పిందల్లా ఆమె చెవిలో అరిచి చెప్పినా. బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచిన గొంతు నాది, తక్కువదేం కాదు. ఆమె ఓపిక పట్టి పట్టి ఒకరోజు చెప్పింది, నాయనా నువ్వు చెప్తుంటే నాకు తత్వం వినపడ్డం లేదు, టికెట్ టికెట్ అన్నట్టుంది అని. నాకు కోపం రాలేదు. ఆమె అన్నది నిజం.

ఆ తర్వాత ఆమె ఉత్తగా వచ్చి కూర్చునేది. మేము నవ్వితే మా ముఖాలు చూసేది. ఒకనాడు తాత కాళ్ళకు దండం పెట్టి, హిందూపురంలో చెల్లెలు రమ్మంటోంది, అక్కడికే పోయి ఉంటానని చెప్పింది. పెదాలు కదలడం చూసేదానికి ఇంత దూరం ఎందుకు రావాల తాతా అనింది. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, చావడిలో అందరమూ విన్నాం. తాత తల కిందికేసుకున్నాడు.

అప్పుడు లేచినాడు ఓబులేసు. మీరు పోవద్దు టీచరమ్మా, నా షాపులో చిన్న టీవీ ఉంది, దాన్ని తెచ్చి మీ ముందర పెడతా, తాత చెప్పేది చెప్పినట్టు నేను కంప్యూటరులో కొడతా, మీరు చదువుకోండి అన్నాడు. చేతులతో సైగలు చేసి, పలక మీద రాసి, ఆమెకు అర్థమయ్యేదాకా వదల్లేదు. టీచరమ్మ కండ్లు తుడుచుకునింది. తాత ఓబులేసు భుజం మీద చెయ్యి వేసి, "చెయ్యి నాయనా" అన్నాడు.

మళ్ళీ గురువారానికి టీవీ వచ్చింది. స్టూలు మీద, సరిగ్గా టీచరమ్మ ముఖానికి ఎదురుగా పెట్టినాడు. తాత ముందర కూర్చొని టకటకలాడించడం మర్యాద కాదని, కంప్యూటరు పెట్టుకొని తాను పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ గదికి, ఈ టీవీకి నడుమ వైరు.

మొదట తెచ్చిన వైరు పాతది. నీలం మూతి, రెండు పక్కలా తిప్పే మరలు. దాంతో అక్షరం వచ్చింది గానీ, పక్కనే దాని నీడ కూడా వచ్చింది. అ పక్కన ఇంకో అ, మసకగా, ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టు. దూరం ఎక్కువయ్యేసరికి ఆ రకం వైరు అట్లనే చేస్తుందని ఓబులేసు చెప్పినాడు. తాత వంగి చూసి, ఈ నీడ నువ్వు కొట్టిందేనా అని అడిగితే, నేను కొట్టింది కాదు తాతా, వైరు కలిపింది అన్నాడు. మరుసటి వారం దాన్ని తీసేసి కొత్తది తెచ్చినాడు. హెచ్‌డీఎంఐ అంటారంట, పల్చటి మూతి, నల్లటి వైరు. అది పెట్టినాక అక్షరాలు కొట్టొచ్చినట్టు పడినాయి. ఒత్తులు, గుడులు, సున్నాలు, దేనికది విడివిడిగా. ఆ రోజు ఓబులేసు ముఖం చూడాల్సిందే.

టీవీ టీచరమ్మ వైపే తిరిగి ఉంటుంది. మాకు చెవులున్నాయి, తాత ఎదురుగా ఉన్నాడు. అటు తిరిగి చదవాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

కానీ టీచరమ్మ నవ్వలేదు. తాత ఏదో అంటాడు, మేమంతా ఘొల్లుమంటాం, ఆమె తెర వైపు చూస్తా తల ఊపుతుంది. కిటికీలోంచి ఓబులేసు ఆమెనే చూస్తా ఉంటాడు కదా, ఆయనకు మనసులో ముల్లు గుచ్చుకుంది. అయిపోయినాక పోయి, బాగా కనపడుతోందా అని పలక మీద రాసి అడిగితే, బాగుంది నాయనా, నీకు పుణ్యముంటుంది అనింది. ఆ బాగుంది అనడంలో ఏ పసా లేదు. ఇంకో వారమూ అంతే. మూడో వారం తాత అల్లుడు మామగారి చెప్పులేసుకొని పోయిన కథ చెప్పినాడు. నవ్వి నవ్వి మా పొట్టలు నొప్పి పుట్టినాయి. టీచరమ్మ తెర చూసి దండం పెట్టుకునింది.

ఇంక ఓబులేసుకు అనుమానం మొదలయింది. తప్పు వైరుదే అనుకున్నాడు.

అక్కడ పట్టుకుంది ఆయనకు పిచ్చి. షాపుల చుట్టూ తిరిగినాడు. ఒకడు వైరు కొనలకు బంగారు పూత ఉన్నది పెట్టమన్నాడు. ఇంకొకడు లోపల అద్దం తీగ ఉండేది చూపించినాడు. డిస్‌ప్లే పోర్టు అని ఒకటుందంట, సీ టైపు అని ఒకటుందంట. బజార్లో నన్ను నిలబెట్టి ఇవన్నీ చెప్తుంటే నాకు తల తిరిగింది. మీ టీవీకి ఎన్ని రకాల బొక్కలున్నాయప్పా అని అడిగినా. ఆ నీలం దానికి ఒకటి, ఈ పల్చటి దానికి ఒకటి, రెండే అన్నాడు. మరి మిగతావి తెచ్చి ఎక్కడ దూరుస్తావు అంటే, తెలుసుకుని పెట్టుకోవడం మంచిది కదన్నా అన్నాడు. ఇట్లాంటోడితో ఏం మాట్లాడాల?

ఆ వారమే టీచరమ్మ తాత ఇంటి గేటు దగ్గర నన్ను ఆపింది. చెప్పులేసుకుంటా, తన మామూలు పెద్ద గొంతుతోనే, హిందూపురం పోవడం ఖాయం చేసుకున్నానని చెప్పింది. వచ్చే గురువారం ఒక్కటి చూసి, శుక్రవారం పొద్దున బస్సెక్కుతుందంట. నేను ఎందుకమ్మా, టీవీ ఉంది కదా అని చేతులతో చూపించినా.

ఆమె కండ్లల్లో నీళ్ళు నిండినాయి.

"టీవీకేం నాయనా, బాగుంది. తాతే మారిపోయినాడు. వెనక ఎట్ల మాట్లాడేవాడు, ఇప్పుడెట్ల మాట్లాడుతున్నాడు? మొన్న నన్ను పట్టుకొని సజ్జనులారా అన్నాడు. వయసు మీద పడి అట్లయినాడేమో. చెవులు పోయినందుకు కూడా నాకు ఇంత బాధ కాలేదు. ఆయనకు మాత్రం చెప్పొద్దు."

చెప్పొద్దన్న మాట నా కడుపులో ఎన్నడూ ఆగలేదు. ఆమె వీధి మలుపు తిరగగానే నేను వెనక్కి తిరిగినా. తాత అరుగు మీద కాళ్ళు చాపుకొని ఉన్నాడు. పక్కన ఆయన భార్య మాబమ్మవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఉన్నదంతా చెప్పేసినా.

"నేను సజ్జనులారా అన్నానా?" అని తాత అవ్వను అడిగినాడు.

అవ్వ తల ఎత్తకుండానే, ఈ జన్మలో అనలేదు అని చెప్పింది.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. పెండ్లి పత్రిక. ఓబులేసు వేళ్ళు. నాకు మండుకొచ్చింది. ఇప్పుడే షాపుకు పోయి ఆయన్ను నాలుగు మాటలని వస్తా అని లేచినా. ఒక ముసలామె ఊరు వదిలిపెట్టి పోతోంది, ఈయనేమో బజార్లో వైర్లు బేరమాడుతున్నాడు.

తాత నా పంచె కొస పట్టుకొని కూర్చోబెట్టినాడు. వైరు కోసం తిరుగుతున్నాడు కదా, తిరగనీ అన్నాడు. ఆమె మీద ఎంత ఇది లేకుంటే అట్ల తిరుగుతాడు అన్నాడు. తర్వాత అవ్వ వైపు తిరిగి, ఇంట్లో దూది ఉందా అని అడిగినాడు. పాత దిండు ఒకటి పిగిలిపోయి ఉంది, ఎంత కావాల అనింది అవ్వ. పిడికెడు చాలన్నాడు.

గురువారం వచ్చింది. ఓబులేసు అందరికంటే ముందే వచ్చినాడు, చంకలో సంచి. తాత ముందర చాప మీద మూడు వైర్లూ పరిచినాడు. నీలం మూతి పాతది, నల్లటిది, ఇంకా కొత్తగా తెచ్చిన బంగారు పూతది. కొత్త దాని మూతి నిజంగానే పెండ్లికూతురి ముక్కుపుడక లెక్క మెరుస్తోంది. టీచరమ్మ రేపే పోతోందని ఆయనకూ తెలిసిపోయింది.

"తాతా, నాకు తెలిసిందంతా చేసినా. టీచరమ్మకు నీ మాట అందడం లేదు. వీటిలో ఏది పెట్టాల్నో నువ్వే చెప్పు."

తాత బంగారు పూత వైరు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పినాడు.

"ఇది ఏం చేస్తుంది నాయనా?"

"ఇక్కడున్నదాన్ని అక్కడ చూపిస్తుంది."

"కలుపుతుందా ఏమన్నా?"

"మంచి వైరు ఏమీ కలపదు తాతా. కలిపితే అది చెడిపోయిన వైరు. నీలంది నీడ కలిపింది, అందుకే తీసేసినా."

తాత తల ఊపి, సరే, ఇదే పెట్టు అని బంగారు పూతదాన్ని చేతికిచ్చినాడు. ఓబులేసు సంతోషంగా పోయి తగిలించి, కిటికీ దగ్గర తన చోట్లో కూర్చున్నాడు. జనం చేరినారు. టీచరమ్మ వచ్చి తన చాప మీద కూర్చునింది. ఆ రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చింది.

తాత తన చోట్లో కూర్చోలేదు. నడుచుకుంటా వచ్చి టీచరమ్మ చాప మీద, ఆమె పక్కన కూర్చున్నాడు. జేబులోంచి దూది తీసి రెండు ఉండలు చేసినాడు. ఒకటి ఈ చెవిలో, ఒకటి ఆ చెవిలో, లోపలికి పోయేదాకా కుక్కుకున్నాడు. అందరం నోళ్ళు తెరుచుకొని చూస్తున్నాం. ఈ రోజు నేను వినేవాణ్ణి, మాబమ్మ చెప్తుంది అన్నాడు. చెవుల్లో దూది ఉంది కదా, ఆయన గొంతు కూడా టీచరమ్మ గొంతు లెక్కనే పెద్దదయిపోయింది.

అవ్వను పట్టుకొచ్చి గురువు చోట్లో కూర్చోబెడితే ఆమె సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. నాకేం తెలుసు, నేనేం చెప్తా అనింది. ఏదో ఒకటి చెప్పు అవ్వా, పొద్దున్నుంచి ఏం జరిగిందో అదే చెప్పు అన్నాం. ఆఖరికి చెప్పింది.

"ఏముంది. పొద్దున సంగటి గెలుకుతా ఉంటే పక్కింటామె పిలిచింది. పోయి మాట్లాడి వచ్చేసరికి అడుగంటింది. ఈయన నోరు మెదపకుండా తినేసినాడు. ఎంత మంచి మొగుడో అనుకున్నా. చెయ్యి కడుక్కునేదానికి పెరట్లోకి పోతే మాడిందంతా కుక్క గిన్నెలో ఉంది. అది కూడా ముట్టలేదు."

చావడి ఎగిరిపోయేంత నవ్వు. నేనయితే కండ్లు తుడుచుకున్నా. చెవుల్లో దూది పెట్టుకున్న తాత మాత్రం నవ్వలేదు. ఆయనకేం తెలుసు పాపం. టీచరమ్మతో పాటు తెర వైపే చూస్తున్నాడు. పక్క గదిలో టకటక ఆగింది. తాత కండ్లజోడు సర్దుకొని, తెర మీద ఉన్నదాన్ని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటా పైకి చదివినాడు.

"సజ్జనులారా. గృహిణి ప్రేమానురాగములతో సమర్పించిన ఆహారమును గృహస్థుడు మౌనముగా స్వీకరించి, అందు కొంత భాగమును భూతదయతో మూగజీవికి సమర్పించుట పరమ ధర్మము. మూగజీవి సైతము నిగ్రహమును పాటించెను."

అవ్వ కొంగు తీసేసి, ఇది నేనెప్పుడు చెప్పినానప్పా అన్నట్టు మా అందరి ముఖాలూ చూసింది.

టీచరమ్మ అవ్వ వైపు తిరిగింది. ఆమె ముఖంలో నిజంగానే బాధ ఉంది.

"మాబమ్మా, నువ్వు కూడా ఇట్ల మాట్లాడటం ఎప్పుడు నేర్చినావు?"

దానికి ఎవరమూ నవ్వలేకపోయినాం. నేను కిటికీ వైపు చూసినా. ఓబులేసు ముఖం తెల్లగా అయిపోయింది. వేళ్ళు కీబోర్డు మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ముఖం చూసేసరికి ఎటు పోయిందో పోయింది.

తాత మెల్లగా లేచినాడు. కిటికీ దగ్గరికి పోయి, చెవుల్లోంచి దూది తీసినాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. మామూలుగా, ఇంట్లో మనిషిని నీళ్ళు తాగినావా అని అడిగినట్టు అడిగినాడు.

"ఏ వైరు పెట్టినావు నాయనా?"

"బంగారు పూతది తాతా."

"మంచి వైరే. నువ్వు వేసిందంతా మాకు చేరింది."

కిటికీ ఊచల సందులోంచి చెయ్యి చాపి, ఆ దూది ఉండలు రెండూ ఓబులేసు అరచేతిలో పెట్టినాడు. పెట్టి వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. అవ్వ లేచి పక్కకు జరిగింది.

ఓబులేసు అరచేతిలోకి చూసుకుంటా ఉండిపోయినాడు. ఆయన కండ్లల్లోంచి నీళ్ళు కారినాయి, తుడుచుకోలేదు. తాత మాట తెర మీద ఉత్తగా, బోసిగా కనపడితే ఆయనకు చిన్నతనమని అట్ల కొట్టినానన్నా అని తర్వాత నాతో చెప్పినాడు. పట్టుచీర కట్టినట్టు కట్టినాడంట ఆ మాటలకు. నాకు అర్థమయింది. జీవితమంతా కార్డులు కొట్టిన చేతులు. ప్రేమ ఎక్కువయితే ఆ చేతులకు తెలిసిన పని అదొక్కటే.

కాసేపటికి ఆయన దూది ఉండలు చొక్కా జేబులో వేసుకున్నాడు. వంగి వైరు మీద చెయ్యి పెట్టినాడు. తీసి నల్లది పెడతాడేమో అనుకున్నా. ఏమనుకున్నాడో, తీయలేదు. చెయ్యి వెనక్కి తీసుకొని కీబోర్డు ముందర సరిగ్గా కూర్చున్నాడు. టకటక మళ్ళీ వినపడింది. చావడిలో అందరం మెడలు తిప్పి ఆ తెరను చదివినాం, అదే మొదటిసారి.

"టీచరమ్మా, ఈ మాటలు అవ్వవి కావు. వెనకటివి తాతవి కావు. అన్నీ నావి. అవ్వ సంగటి మాడబెట్టింది. తాత కుక్కకు పెట్టినాడు. కుక్క తినలేదు."

టీచరమ్మ చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది. తాత వైపు చూసింది, చాలా దినాల తర్వాత ఊరినుంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తాత ఆమె వైపు చూస్తానే మొదలుపెట్టినాడు. తత్వం పాడలేదు.

"టీచరమ్మా, హిందూపురం పోతావంటనే. పో. చెల్లెలు కదా. నీ చాప మాత్రం ఎవరికీ ఇయ్యను. చుట్టి అటక మీద పెడతా. ఎలుకలు కొడతాయి. కొట్టనీ. నువ్వు లేకుంటే ఆ చాప మీద కూర్చొని నా మాట వినేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాల కదా."

మేమంతా ఒక్కసారిగా నవ్వినాం. నవ్వి, మధ్యలో గుర్తుకొచ్చి ఆపుకున్నాం. ఎవరూ చెప్పలేదు ఆపమని. చావడి నిశ్శబ్దమయిపోయింది. పక్క గదిలో టకటక ఒక్కటే. తాత కూడా నోరు మూసుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని, టీచరమ్మ ముఖమే చూస్తున్నాడు. తెర మీద అక్షరాలు వరసగా పడతా ఉన్నాయి. చాప. అటక. ఎలుకలు.

టకటక ఆగింది.

టీచరమ్మ పెదాలు కదిలినాయి. భుజాలు కదిలినాయి. ఆ తర్వాత వచ్చింది నవ్వు. చావడిలో ఆమె ఒక్కతే, మా అందరి కంటే వెనక, పెద్ద గొంతుతో, చాప మీద చేత్తో కొట్టుకుంటా నవ్వింది. మునుపు అందరికంటే మొదట నవ్వేది, ఇప్పుడు చివర నవ్వింది, అంతే తేడా. నవ్వుతానే కండ్లజోడు తీసి కొంగుతో తుడుచుకునింది.

"ఎలుకలకెందుకు తాతా ముందు వరస. నేనే కూర్చుంటా."

అవ్వ లేచిపోయి ఆమె చెయ్యి పట్టుకునింది. నాకు ఏం చెయ్యాల్నో తోచక పక్కనున్నోడి వీపు మీద చరిచినా.

తాత కిటికీ వైపు తల తిప్పినాడు. "అందింది నాయనా" అన్నాడు.

లోపల మళ్ళీ టకటకమని శబ్దం. మెడ తిప్పి చూసినా. తెర మీద ఆ రెండు మాటలే పడినాయి: అందింది నాయనా.